మాల తీశాక ఏం చేయాలి: తాగుడు మానాలనుకునే వాళ్ల మీటింగుకి వెళ్లే దారి

మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టని మనిషి, మాల తీసిన సాయంత్రమే క్వార్టర్ సీసా తెచ్చుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ మనిషి మీరే అయ్యుండొచ్చు. నేనైతే వరసగా మూడేళ్లు ఆ పనే చేశాను. రంజాన్ నెలంతా దూరంగా ఉండి పండుగ దాటగానే మొదలుపెట్టిన వాళ్లు, శ్రమదినాల్లో 40 రోజులు ఆపి ఈస్టర్ మర్నాడే షాపుకెళ్లిన వాళ్లు కూడా నాకు తెలుసు.

మామూలప్పుడు ఒక్క రోజు కూడా ఆగలేని నేను ఆ 41 రోజులు ఎలా ఆగాను? చాలాకాలం నాకు అర్థం కాలేదు. భక్తి ఉంది, నిజమే. దాంతోపాటు తెల్లవారుజామున లేపే గురుస్వామి ఉన్నాడు. సాయంత్రం భజనకి రాకపోతే "స్వామీ, యాడున్నావు?" అని ఫోన్ చేసే పదిమంది ఉన్నారు. సరిగ్గా నోరు ఊరే ఏడు గంటలకి నేను వాళ్ల మధ్య కూర్చుని ఉండేవాణ్ణి. మాల తీయగానే ఆ పదిమందీ ఎవరిళ్లకు వాళ్లు పోయారు. సాయంత్రం ఏడు గంటలు మాత్రం రోజూ వచ్చింది.

ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే గ్రూపులు ఉన్నాయి. అందరూ పొట్టిగా ఏఏ అంటారు. తాగుడు మానాలనుకునే వాళ్లు, మానిన వాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే మీటింగులు. అక్కడ నాకు ఆ పదిమందీ మళ్లీ దొరికారు, ఈసారి మాల తీసేసే రోజు లేదు. ఏడేళ్లుగా వెళ్తున్నాను. నా పేరు రాయను, అది అక్కడి పద్ధతి. మాది కావలి వైపు పల్లె, రొయ్యల గుంటల దగ్గర సూపర్‌వైజర్ పని చేశాను అని చెబితే చాలు. మీరు నెల్లూరు జిల్లాలో ఉన్నా ప్రకాశంలో ఉన్నా, మీటింగ్ వెతుక్కుని వెళ్లి కూర్చోవడం ఎలాగో నాకు తెలిసినంతా చెబుతాను.

మీటింగ్ కంటే ముందు డాక్టర్

ఇది చదివిన ఊపులో ఈ రోజే ఆపేస్తానని సీసా పారబోయకండి. రోజూ తాగే మనిషి, ముఖ్యంగా పొద్దున వణుకు తగ్గడానికి ఒక పెగ్గు వేసుకునే మనిషి, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఆపిన కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, ఇంట్లోవాళ్లని గుర్తుపట్టరు. మన పల్లెల్లో దీన్ని గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తారు. గాలీ లేదు, ధూళీ లేదు. మందుకి అలవాటుపడిన మెదడుకి ఆ మందు అందకపోతే జరిగేది ఇదే. వైద్యం అందకపోతే చనిపోతారు కూడా. ఇలా కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

మాల వేసుకున్న మొదటి వారంలో మీ పక్క స్వామి చేతులు వణుకుతుంటే, అప్పుడు కూడా ఇది గుర్తుచేసుకోండి.

నెల్లూరులో దర్గామిట్ట పెద్దాసుపత్రిలో, ఒంగోలులో ఇప్పటికీ అందరూ రిమ్స్ అనే ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగాలున్నాయి. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోండి. "పిచ్చి డాక్టర్" దగ్గరికి పోతున్నానే అన్న బెరుకు నాకూ ఉండేది. బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్న వాళ్లలో సగం మంది నాలాంటి వాళ్లే. లోపలికి వెళ్లాక ఎంత తాగుతారో తగ్గించి చెప్పకండి. రోజూ హాఫ్ తాగుతూ "ఎప్పుడన్నా ఒకటి" అంటే, ఆ ఎప్పుడన్నాకి సరిపడా మాత్రలే రాస్తారు, ఆ రాత్రి ఫిట్స్ మీకు రావచ్చు. చివరిసారి ఎన్ని గంటలకి తాగారో, ఇంతకు ముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయో లేదో కూడా చెప్పండి.

ఇంకొక సంగతి. నీరసంగా ఉందని ఊళ్లోనే గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకోవడం మనకి అలవాటు. బాగా తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్ తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. సూది పట్టుకున్నది ఎవరైనా సరే, "నేను రోజూ తాగుతాను" అని ముందే చెప్పండి.

ప్రైవేట్ డీఅడిక్షన్ సెంటర్ల గురించి అడిగితే నా మాట ఒకటే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి చోటికి రిజిస్ట్రేషన్ ఉండాలి. చేర్పించే ముందు అది చూపించమనండి, డాక్టర్ రోజూ వస్తాడా అని అడగండి, ఇంట్లోవాళ్లని కలవనివ్వం అంటే వెనక్కి వచ్చేయండి. నన్నొకసారి అలాంటి చోట వేశారు. గొలుసు వేశారు, కొట్టారు. బయటికొచ్చిన రోజే తాగాను.

ఎవరికి ఫోన్ చేయాలి, ఏమడగాలి

14446 అనేది మత్తు అలవాట్ల నుంచి బయటపడాలనుకునే వాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు. 14416 టెలీ మానస్, మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఏఏకి మన దేశంలో ముంబైలో ఆఫీసు ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో హెల్ప్‌లైన్ ఉంటుంది, దాని ద్వారా మీ దగ్గరి గ్రూపు సభ్యుడి నంబరు దొరుకుతుంది. ఆసుపత్రి మానసిక విభాగంలో కౌన్సెలర్‌ని అడిగినా చెబుతారు. గోడ మీద పాత పోస్టర్‌లో టైమ్ చూసి బస్సెక్కకండి. గదులు మారుతుంటాయి, రోజులు మారుతుంటాయి. సభ్యుడితో మాట్లాడాకే బయలుదేరండి.

మొదటి ఫోన్ చేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నంబరు నొక్కడం, రింగ్ అవగానే కట్ చేయడం. అవతలి మనిషే తిరిగి చేశాడు. ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోతున్నారేమో, ఇలా అడగండి:

"అన్నా, నేను ఫలానా ఊరి నుంచి మాట్లాడుతున్నా. మందు మానాలని ఉంది. మీటింగ్ ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ? తెలుగులోనేనా? మొదటిసారి వస్తున్నాను, బయట ఎవరైనా ఉంటారా?"

ఆ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగిపోయిన వాళ్లు ఎంతోమంది. బస్టాండ్ దగ్గరికే వచ్చి తీసుకెళ్లమంటే వస్తారు. కొత్తవాళ్లని కలవడానికి మామూలుగా ఇద్దరు కలిసి వస్తారు. ఇంటికి వద్దు, టీ కొట్టు దగ్గర కలుద్దాం అన్నా సరే.

మీటింగుల్లో రెండు రకాలు. ఓపెన్ మీటింగుకి మీతోపాటు భార్య, అన్నదమ్ములు, ఎవరైనా రావొచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకి మాత్రమే. మొదటిసారి ఇంట్లోవాళ్లు తోడు వస్తామంటే ఓపెన్ మీటింగ్ ఎప్పుడో కనుక్కోండి.

మన ఊళ్లో ఎవరైనా చూస్తే?

ఈ భయం పెద్దది, తీసిపారేసేది కాదు. కూతురి పెళ్లి సంబంధాలు చూస్తున్న మనిషికి ఇంకా పెద్దది. అందుకే చాలామంది పక్క ఊరి మీటింగ్ ఎంచుకుంటారు. కావలి వాళ్లకి ఇది తేలిక. ఇటు నెల్లూరు, అటు ఒంగోలు, రెండువైపులా రైలు ఉంది, బస్సు ఉంది. ఎవరైనా అడిగితే ఆసుపత్రి పనుంది అనండి, అబద్ధం కూడా కాదు. అక్కడ విన్నది, చూసిన మనిషి పేరు బయట చెప్పకూడదన్నది గ్రూపులో అందరూ గట్టిగా పాటించే నియమం. నాకు తెలిసిన ఒక టీచరు మూడో మీటింగులో తన పాత విద్యార్థినే చూశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలు దించుకున్నారు. ఇప్పుడు ఒకే బస్సులో వస్తారు.

తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి. మీటింగ్ గంట, గంటన్నర పడుతుంది, ఎక్కువగా సాయంత్రాలే. ఆఖరి బస్సు తప్పిపోయి బస్టాండ్‌లో ఒంటరిగా, ఆకలితో నిలబడటం మనలాంటి వాళ్లకి మంచిది కాదు. కనిగిరి, మార్కాపురం, ఉదయగిరి లాంటి చోట్ల నుంచి వారం వారం రావడం కష్టమే. ఫోన్‌లో జూమ్ మీటింగులు ఉన్నాయి, తెలుగు మీటింగ్ లింక్ పంపమని ఆ సభ్యుణ్ణే అడగండి. పేరు మార్చుకోవచ్చు, కెమెరా ఆపేసుకోవచ్చు. అయినా నెలకి ఒక్కసారైనా మనుషుల మధ్య కూర్చోమని నా సలహా. మీ ముఖం చూసి తేడా కనిపెట్టేవాళ్లు మీకు కావాలి.

గది లోపల

చాలా చోట్ల స్కూలు గదిలోనో, చర్చి ఆవరణలోనో మీటింగ్ పెడతారు, చవకగా దొరుకుతాయి కాబట్టి. చర్చి గేటు చూసి మతం మారుస్తారేమో అనుకోకండి. ఏఏకి ఏ మతంతోనూ, ఏ పార్టీతోనూ సంబంధం లేదు. మొదట్లోనో చివర్లోనో చిన్న ప్రార్థన ఉంటుంది, మార్చలేనివి ఒప్పుకునే ప్రశాంతత, మార్చగలిగేవి మార్చే ధైర్యం, ఆ రెండింటికీ తేడా తెలిసే వివేకం ఇమ్మని. అక్కడ దేవుడంటే మీరు నమ్మే దేవుడే. మా గ్రూపులో అయ్యప్ప స్వాములున్నారు, నమాజు చేసేవాళ్లున్నారు, ఏ దేవుణ్ణీ నమ్మని కమ్యూనిస్టు పెద్దాయన కూడా ఉన్నాడు.

రిజిస్టర్‌లో సంతకం ఉండదు. ఆధార్ అడగరు. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, ఇంకే అర్హతా అక్కర్లేదు. ఒక సంచి తిప్పుతారు, గది అద్దెకి, టీకి. బయటివాళ్ల నుంచి చందా తీసుకోరు. కొత్తవాళ్లు వేయకపోయినా ఎవరూ ఏమనుకోరు.

ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి, ఒకప్పుడు ఎలా తాగారో, ఎలా ఆపారో, ఇప్పుడెలా ఉన్నారో చెబుతారు. మధ్యలో అడ్డు తగలరు, సలహాలివ్వరు, వాదన పెట్టుకోరు. మీ వంతు వచ్చినప్పుడు "ఈ రోజు వింటాను" అంటే చాలు. మొదటి మూడు మీటింగుల్లో నేనా మాటే అన్నాను. తాగకుండా వెళ్లడానికే ప్రయత్నించండి. తాగేసి ఉన్నా సరే, వెళ్లి వెనక నిశ్శబ్దంగా కూర్చోండి.

నా మొదటి మీటింగులో ఎవరు ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు. టీ గుర్తుంది. అందరికీ పేపర్ కప్పుల్లో నిండుగా పోసుకుంటూ వచ్చిన పెద్దాయన నా దగ్గర ఆగాడు. నా చేతుల వంక చూశాడు, వాటిని తొడల కింద దాచుకుని కూర్చున్నాను. ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి పెద్ద స్టీలు గ్లాసు తెచ్చి, అందులో సగం కంటే తక్కువ పోసి, నా చేతికి ఇవ్వకుండా పక్క కుర్చీలో పెట్టి వెళ్లిపోయాడు. అందరూ అటు తిరిగాక రెండు చేతులతో పట్టుకుని తాగాను. ఒలకలేదు. పదిహేనేళ్లుగా పెళ్లిళ్లలో నేను టీ వద్దని ఎందుకు అంటున్నానో ఆయనకి తెలుసు. నా భార్యకే తెలియదు.

ఒక్క మీటింగ్ చూసి నచ్చలేదని మానకండి. ఒక్కో గ్రూపు ఒక్కోలా ఉంటుంది. కనీసం ఆరుసార్లు వెళ్లి అప్పుడు ఆలోచించండి.

వచ్చేటప్పుడు నంబర్లు తీసుకోండి

మీటింగ్ అవగానే గబగబా బయటికి నడవాలనిపిస్తుంది. ఆగండి. కనీసం మూడు ఫోన్ నంబర్లు తీసుకోండి. నా లెక్కలో మీటింగ్ కంటే ఇదే ముఖ్యం. మీటింగ్ వారంలో ఒకటో రెండో రోజులు, సాయంత్రం ఏడు గంటలు రోజూ ఉంటుంది.

ఏఏ పుట్టిందే ఒక ఫోన్ కాల్‌తో. 1935 మే నెలలో అమెరికాలోని యాక్రన్ అనే ఊళ్లో, బేరం చెడిపోయి, ఒంటరిగా హోటల్‌లో ఉన్నాడు బిల్ డబ్ల్యూ, ఏఏ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడు. తాగడం ఆపి అప్పటికి కొద్ది నెలలే. ఒకపక్క బార్ సందడి, ఇంకోపక్క టెలిఫోన్. టెలిఫోన్ దగ్గరికి వెళ్లి, ఊళ్లో పాదిరీల నంబర్లు వెతికి, నాలా తాగుడుతో అవస్థపడే మనిషి ఎవరైనా ఉన్నారా, నేను మాట్లాడాలి అని అడిగాడు. అలా దొరికిన మనిషి డాక్టర్ బాబ్, ఆపరేషన్లు చేసే సర్జన్. ఆయన ఆఖరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు. మన దేశానికి 1957లో వచ్చింది.

ఫోన్ ఎప్పుడు చేయాలి? షాపు ముందు నిలబడి కాదు, అప్పటికి ఆలస్యమైపోతుంది. ఇంట్లో చొక్కా వేసుకుంటున్నప్పుడు చేయండి. నాకు గుంటల దగ్గర పట్టుబడి రోజు గండం. రొయ్యల లారీ వెళ్లిపోయాక డబ్బులు చేతిలో పడతాయి, అందరూ కలిసి తాగుతారు. ఆ రోజు పొద్దున్నే ఒకరికి చెప్పేవాణ్ణి, "ఈ రోజు పట్టుబడి, ఏడింటికి నువ్వే చెయ్యి" అని. మీకది పొగాకు వేలం డబ్బులు పడిన రోజు కావొచ్చు, ఊరి తిరునాళ్ల కావొచ్చు. మామూలు రోజుల్లో మాత్రం నాలుగు చూసుకోమంటారు: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ముందు కడుపు నిండా అన్నం తినండి. సగం కోరిక అక్కడే చల్లబడటం నేను చాలాసార్లు చూశాను.

జీవితాంతం మానాలి అనుకుంటే నాకు గుండె జారిపోయేది. అక్కడ ఆ మాట ఎవరూ అనరు. ఈ ఒక్క రోజు తాగను, అంతే.

కొన్ని వారాలయ్యాక స్పాన్సర్‌ని అడగండి. స్పాన్సర్ అంటే డబ్బు పెట్టేవాడు అనుకోకండి, మీ గురుస్వామి లాంటివాడు. ముందు నుంచీ మానేసి ఉన్న మనిషి, తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ చెప్పే 12 మెట్లు మీతో దగ్గరుండి చేయిస్తాడు. మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు ఉండటం పద్ధతి. అప్పులు, చీటీలు, స్థలాల బేరాలు గ్రూపులోకి తేకండి. ఐదు వేల బదులు దగ్గర మాట పడి, మొహం చూపలేక మీటింగ్ మానేసి మళ్లీ తాగిన మనిషిని చూశాను. ఇంకొకటి, అక్కడున్నవాళ్లు డాక్టర్లు కాదు. డాక్టర్ రాసిన మాత్రలు ఆపేయమని ఎవరైనా అంటే వినకండి.

ఇంట్లోవాళ్లకి

1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారని విని, మా అమ్మ కూడా రాత్రి బడి ఆడవాళ్లతో కలిసి సారా ప్యాకెట్ల బండికి అడ్డం కూర్చుంది. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో రాష్ట్రమంతా మద్యం నిషేధించారు, 1997లో ఎత్తేశారు. అంత చేసిన ఆమె ఇంట్లోనే మా నాయన తాగాడు, తర్వాత నేను తాగాను. రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టి నాకోసం మొక్కుకుంది. ఆమె గోడు వినే మనిషి మాత్రం ఆమెకి ఎప్పుడూ దొరకలేదు. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి, 1951 నుంచి నడుస్తున్నాయి. మీ ఇంటాయన మానినా మానకపోయినా అమ్మా, మీరు వెళ్లొచ్చు. మీ ఊళ్లో లేకపోతే ఆన్‌లైన్‌లో అడగండి.

ఒక్కటి మాత్రం చేయకండి. మందు మాన్పిస్తుందని కూరలో తెలియకుండా మాత్ర కలపడం. డాక్టర్లు రాసే అలాంటి మాత్ర ఒకటుంది, అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టర్ చూపులోనే వాడాలి. పొట్లం మందులైతే అందులో ఏముందో కూడా తెలియదు.

తాగే ఆడవాళ్లు మన దగ్గరా ఉన్నారు, బయటికి చెప్పుకోలేరు, అంతే. అక్కా, ఫోన్ చేసినప్పుడు ఆడ సభ్యురాలితోనే మాట్లాడతానని అడగండి. గదిలో అందరూ మగవాళ్లే ఉంటే ఆడవాళ్ల ఆన్‌లైన్ మీటింగుతో మొదలుపెట్టండి.

మళ్లీ తాగేస్తే

నేను పదినెలలకి ఒకసారి తాగాను. మా బావమరిది పెళ్లిలో. నాలుగు రోజులు ఆగలేదు. ఐదో రోజు ఫోన్‌లో ఆ టీ పోసిన పెద్దాయన పేరు కనిపిస్తే ఎత్తలేదు. ఆరో రోజు ఎత్తాను. "తిన్నావా?" అన్నాడు. తర్వాత "డాక్టర్‌ని కలువు, నేనొస్తా" అన్నాడు. అదే వరస మీరూ పాటించండి. వరసగా కొన్ని రోజులు తాగి ఉంటే మళ్లీ ఇంట్లోనే ఒక్కసారిగా ఆపకండి, ముందు ఆసుపత్రి. ఆ వారం మీటింగుకే వెళ్లండి, వచ్చే నెల చూద్దాం అనుకోవద్దు. మీ వంతు వచ్చినప్పుడు తాగానని, ఏ రోజు, ఎక్కడ, ఎవరితో అన్నది చెప్పండి. ఎవరూ మొహం చిట్లించరు. లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది, కుర్చీ అదే ఉంటుంది. బయటికొచ్చేటప్పుడు నంబర్లు మళ్లీ అడిగి తీసుకోండి, తాగిన మైకంలో ఫోన్‌లోంచి తీసేసి ఉంటారు. నేను తీసేశాను.